ఆవు ముడి విప్పలేదు

మా అపార్ట్‌మెంట్‌లో సినిమా వేద్దామన్నది నేనే. నేరం ముందే ఒప్పేసుకుంటున్నాను.

విజయవాడలో 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. చెత్త గురించి నెలనెలా మీటింగు పెట్టుకోవడం, అందులో పోట్లాడుకోవడం, పోట్లాటలో తాగిన టీ కప్పులు అక్కడే పడేసి ఇళ్లకు పోవడం మా ఆనవాయితీ. మాటలతో పనవడం లేదు కదా, నెలకో పర్యావరణ డాక్యుమెంటరీ వేసి చూపిద్దాం అన్నాను. మర్నాటికల్లా నన్ను కన్వీనర్ని చేసేశారు. మన దగ్గర సలహా ఇచ్చినవాడికి పడే శిక్ష అదే.

ఏ సినిమా వేయాలన్న దాని మీద రెండు గంటలు చర్చ జరిగింది. ‘ద ఎలిఫెంట్ విస్పరర్స్’ వేయమన్నారు పిల్లలు. ముదుమలై అడవిలో తల్లిలేని ఏనుగు గున్నలను సాకిన బొమ్మన్, బెల్లి దంపతుల కథ. 2023లో ‘నాటు నాటు’కి ఆస్కార్ ఇచ్చిన వేదిక మీదే దానికీ ఇచ్చారు. మనం స్టెప్పులేసే హడావిడిలో ఏనుగును చూసుకోలేదు. అంత జంతువునీ! అయితే ఓటీటీ సినిమాను పదిమందిని కూర్చోబెట్టి వేయాలంటే హక్కులూ అనుమతులూ ఉంటాయని మూడో అంతస్తు లాయరుగారు అడ్డుపడ్డారు. ఆయన అడ్డుపడని మీటింగు లేదు గానీ, ఈసారి మాటలో పసుంది.

చివరికి ‘ద ప్లాస్టిక్ కౌ’ ఖాయమైంది. కునాల్ వోహ్రా 2012లో తీసిన చిత్రం. పుట్టపర్తిలోని కరుణ సొసైటీవాళ్లు ఆవుల పొట్ట కోసి ప్లాస్టిక్ బయటికి తీయడం అందులో చూపించారు. మన రాష్ట్రం ఆవులే, పైగా అరగంటే అనేసరికి అందరూ ఒప్పుకున్నారు.

ముందుగా ఫ్లెక్సీ వచ్చింది. ‘పర్యావరణాన్ని పరిరక్షిద్దాం’ అన్న అక్షరాల కింద ప్రెసిడెంటుగారు, సెక్రటరీగారు, ట్రెజరరుగారు నమస్కారం పెడుతున్నారు. ఆవు మూలన తపాలా బిళ్లంత ఉంది. ప్లాస్టిక్ మీద సినిమాకి ప్లాస్టిక్ బ్యానరేమిటండీ అన్నాను. “2022 జూలై నుంచి 100 మైక్రాన్ల లోపు బ్యానర్లే నిషేధం మాస్టారూ. మనది దళసరిది!” అన్నారు సెక్రటరీగారు, పట్టుచీర అంచు చూపించినంత గర్వంగా.

సెల్లార్‌లో రెండు స్తంభాల మధ్య దుప్పటి కట్టి, స్కూటర్లు పక్కకు జరిపి, కుర్చీలు వేశాం. ప్రెసిడెంటుగారు 40 నిమిషాలు మాట్లాడారు. సినిమా అంతకన్నా చిన్నది.

కానీ సినిమా మొదలయ్యాక దోమల్ని కొట్టుకునే చప్పుడు కూడా ఆగిపోయింది. డాక్టరు చెయ్యి ఆవు పొట్టలోకి వెళ్తుంది, అరగని మేతలో నానిన కవర్ల ముద్దతో వస్తుంది. మళ్లీ వెళ్తుంది, మళ్లీ వస్తుంది. ఒక్కో ఆవు కడుపులో 50 కిలోల పైచిలుకు కూడా దొరికింది. ఆవు ముందు గబగబా మింగేసి, తర్వాత తీరిగ్గా నెమరేస్తుంది. మింగిన కవరు నెమరుకు రాదు, ముందుకూ పోదు. పొట్టలోని మొదటి అరలోనే చుట్టుకుపోయి కూర్చుంటుంది. మనం రాత్రి మిగిలిన అన్నం కవర్లో పోసి, బిగించి ముడేసి పారేస్తాం. ఆవుకు లోపలి అన్నం వాసన తెలుస్తుంది గానీ ముడి విప్పుకోవడం తెలియదు.

దీపాలు వెలిగాయి. ఒకరిద్దరు ముక్కులు తుడుచుకున్నారు. “ఇకనుంచి కవరు ముట్టను” అని ఎవరో శపథం చేశారు. అప్పుడే టిఫిన్ పార్సిళ్లు దిగాయి.

వేడి ఇడ్లీ. సాంబారు కవర్లో. రెండు చట్నీలు రెండు కవర్లలో. ప్రతి కవరు మెడకీ తెల్లదారం, మాంగల్యం కన్నా గట్టిగా. శపథం చేసినాయనే ముందు అందుకున్నారు. గోళ్లతో గిల్లారు, రాలేదు. కాసేపటికి సెల్లారంతా నిశ్శబ్దంగా కవర్లను పళ్లతో లాగుతోంది. కన్వీనర్ హోదాలో నేనూ లాగుతున్నాను.

లాయరుగారు లేచి నిలబడ్డారు. మీసం మీద చట్నీ ఉంది. “కన్వీనరుగారూ, ఒక అభ్యంతరం. పది వేళ్లున్నవాణ్ణి, నాకే ఈ ముడి రావడం లేదు!”

ఎవరూ నవ్వలేదు. తర్వాత అందరం ఒక్కసారే నవ్వాం. ఆ రాత్రి కూర్చుని లెక్కేశాను. 60 పార్సిళ్లు. ఒక్కోదానికి సాంబారుకొకటి, చట్నీలకు రెండు, మోసుకురావడానికొకటి. వెరసి 240 కవర్లు, ఒక్క అరగంట జ్ఞానోదయానికి.

మరుసటి నెల నోటీసు బోర్డు మీద ఒకటే వాక్యం రాయించాను: ‘గిన్నె తెచ్చుకున్నవారికే సాంబారు.’ జనం రెట్టింపు వచ్చారు. నాలుగు గిన్నెల క్యారేజీలు, పాలగిన్నెలు, మూతలున్న స్టీలు డబ్బాలు. రెండో అంతస్తు పిన్నిగారు పెళ్లినాటి గుండిగే దింపారు. శపథం చేసినాయన రెండు గిన్నెలు తెచ్చారు. రెండోది వాళ్లావిడకట. ఆవిడ ఆయన పక్కనే ఉన్నారు, తన గిన్నెతో.

ఆ నెల ఏం సినిమా వేశామో ఇప్పుడడిగితే సగంమంది చెప్పలేరు. సెల్లార్‌లో మాత్రం ఒక్క కవరూ మిగల్లేదు. సాంబారూ మిగల్లేదు.

మీ వీధిలోనూ ఇలాంటి సినిమా వేసే ఉద్దేశముంటే మంచిదే, వేయండి. సినిమా సంగతి తర్వాత, ముందు టిఫిన్ ఎందులో వస్తుందో కనుక్కోండి.