నక్షత్రాలు నావి కావు

నేను నీళ్ళ పీహెచ్ చెప్పే పెన్నును. పసుపు రంగు ప్లాస్టిక్ ఒళ్ళు, ఒక చివర అంకెలు కనిపించే చిన్న తెర, రెండో చివర మూత కింద దాక్కున్న గాజు బుడగ. రాయడం రాదు గానీ చొక్కా జేబులో పడతాను కాబట్టి పెన్ను అనే పేరు అంటుకుంది. పుట్టింది చైనాలో, ఒక పెద్ద షెడ్డులో. నాతోపాటు పుట్టినవాటిలో కొన్ని వాటర్ ఫిల్టర్లు అమ్మేవాళ్ళ చేతికి పోయాయి, కొన్ని రంగుచేపల తొట్టెలవాళ్ళ దగ్గరికి పోయాయి. నా నుదుటన మాత్రం కొల్లేరు రాసి ఉంది.

2024 ఫిబ్రవరిలో తాడేపల్లిగూడెం చేరాను. పార్సిళ్ళ గోడౌను నుంచి బయల్దేరిన వ్యాను ఉల్లిపాయల లారీల వెనక చాలాసేపు ఇరుక్కుంది. గూడెం ఉల్లి మార్కెట్టుకి కర్నూలు నుంచీ మహారాష్ట్ర నుంచీ సరుకు దిగుతుంది. అక్కడ కొనేవాడు బస్తా మూతి విప్పి, గడ్డ చేతిలోకి తీసుకుని, మెడ దగ్గర బొటనవేలితో నొక్కి చూస్తాడు. మెత్తగా తగిలిందా, రేటు అక్కడికక్కడే పడుతుంది. నన్ను కొన్న పెద్దాయనకి ఆ వీల్లేదు. నొక్కి చూడ్డానికి ఆయనకి దొరికింది ఫోను అద్దం. అందులో నా బొమ్మ, బొమ్మ కింద నాలుగున్నర నక్షత్రాలు, వాటి పక్కన వేలల్లో ఒక అంకె. ఇంతమంది బాగుందంటున్నారు గదా అని కొనేశాడు.

పెద్దాయనది కైకలూరు దాటాక ఊరి చివర చేపల చెరువు. తన చెరువు అయిదో కాంటూరుకి, అంటే కొల్లేరు అభయారణ్యం హద్దుకి, బయటే ఉందని ఎవరూ అడక్కముందే చెప్తాడు. ఆ ప్రాంతంలో అందరికీ అలవాటే అది. అభయారణ్యం హద్దుల్లో తవ్విన చెరువుల గట్లని 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఎలా తెగ్గొట్టారో కళ్ళారా చూసినవాళ్ళు మరి. చెరువులో శీలావతి, బొచ్చె. గట్టు మీద ఒక మకాం, తౌడు బస్తాలు, ఒక పడవ. అంతకుముందు నీళ్ళ సంగతి తేల్చాలంటే సీసాలో పట్టుకుని కైకలూరులో ఆక్వా ల్యాబుకి పరిగెత్తేవాడు. నేనొస్తే ఆ తిరుగుడు తప్పుతుందనుకున్నాడు.

తప్పలేదు. పొద్దున్నే నన్ను నీళ్ళలో ముంచితే 7.3 చూపించాను. మధ్యాహ్నం మూడింటికి అదే రేవులో 8.9 చూపించాను. పెద్దాయన నన్ను విదిలించి మళ్ళీ ముంచాడు. మళ్ళీ 8.9.

"ఒరేయ్ అల్లుడూ, ఇది పూటకో మాట చెప్తోందిరా. రిటర్న్ కొట్టెయ్యి."

అల్లుడంటే మేనల్లుడు. గూడెంలోనే నిట్‌లో చదువుతున్నాడు, ఆదివారం ఆదివారం చేపల పులుసు కోసం వస్తాడు. వాడు నవ్వి, తప్పు పెన్నుది కాదు మావయ్యా, చెరువే పూటకో రకంగా ఉంటుంది అన్నాడు. పగలు ఎండకి నీళ్ళలోని నాచు కార్బన్ డయాక్సైడు పీల్చేస్తుంది, పీహెచ్ ఎక్కుతుంది. రాత్రి నాచూ చేపా అన్నీ కలిసి దాన్ని వదుల్తాయి, తెల్లారేసరికి దిగుతుంది. నీళ్ళు ఆకుపచ్చగా తిరిగిన చెరువులో ఈ తేడా ఇంకా ఎక్కువ. పీహెచ్ ఎక్కినకొద్దీ నీళ్ళలోని అమ్మోనియా విషం కూడా చేపకి ఎక్కువ తగులుతుంది కాబట్టి సాయంత్రం అంకే ముఖ్యం అని కూడా చెప్పాడు. లేకపోతే ఆ పూటే పెద్దాయన నిజాయితీగా, మనస్ఫూర్తిగా నాకు ఒక్క నక్షత్రం ఇచ్చి ఉండేవాడు. అబద్ధపు రివ్యూల మీదే అందరూ పడతారు గానీ, నిజమైన మనిషి నిజంగా వాడి రాసిన తప్పు రివ్యూ కూడా మాలాంటి వాటి ప్రాణానికి వస్తుంది. దానికి విరుగుడు ఏ యాప్‌లోనూ లేదు.

"అయితే ఇంతమంది ఏం రాశారో చూద్దాం" అని మేనల్లుడు గట్టు మీద కూర్చుని నా పేజీ తెరిచి పైకి చదివాడు.

"'ఫోనుకి సరిగ్గా సరిపోయింది, కెమెరా దగ్గర కటింగ్ నీటుగా ఉంది.' ఐదు నక్షత్రాలు."

పెద్దాయన నావంక చూశాడు.

"'చేతికి పట్టు బాగుంది, జారట్లేదు.' ఐదు. 'నెలకే అంచులు పసుపెక్కాయి.' రెండు."

పుట్టడమే పసుపుగా పుట్టినదాన్ని, ఆ నింద నా నెత్తినెందుకు?

సంగతేమిటంటే, ఆ పేజీ ఒకప్పుడు ఫోను కవర్లది. కవర్లకి మంచి పేరొచ్చాక అమ్మేవాడు బొమ్మ మార్చి, పేరు మార్చి, ఆ స్థానంలో నన్ను కూర్చోబెట్టాడు. పాత నక్షత్రాలు పాత చోటే ఉండిపోయాయి. ఇది మన దగ్గరే పుట్టిన తెలివేం కాదు. అమెరికాలో విటమిన్ మాత్రలు అమ్మే బౌంటిఫుల్ అనే కంపెనీ తన కొత్త సరుకుని బాగా అమ్ముడుపోయే వేరే సరుకుతో కలిపేసి దాని రేటింగులు దీనికి తగిలించిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 ఫిబ్రవరిలో పట్టుకుంది. కంపెనీ 6 లక్షల డాలర్లు కట్టింది. నా పేజీని అలా పట్టుకున్నవాళ్ళు లేరు. నేనూ చెప్పుకోలేను. ఒళ్ళంతా వెతికినా నా దగ్గర ఒకే ఒక్క బటను ఉంది.

నాలో అసలు లోటు ఇంకోటి. మా పెట్టెలో రెండు చిన్న పొట్లాలు రావాలి, బఫర్ పొడివి. ఒకటి 6.86కి, ఒకటి 4.01కి. డిస్టిల్డ్ వాటర్లో కలిపి నన్ను ముంచి, అంకె అక్కడికి వచ్చేలా సరిచేస్తే అప్పుడు నా మాటకి విలువ. నా పెట్టెలో పొట్లాల బదులు ఒక కార్డు ఉంది. ఐదు నక్షత్రాలు ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపితే డబ్బులు వెనక్కిస్తామని దాని మీద ఉంది. పెద్దాయన కార్డు చింపి తౌడు బస్తా సందులో పడేశాడు. "పొట్లాలు ఎగ్గొట్టి లంచం పెడతాడా వీడు?"

మేనల్లుడు కాలేజీకి వెళ్ళిపోయాడు. పొట్లాలు అడగాలని పెద్దాయన యాప్‌లో గంటసేపు తంటాలు పడ్డాడు. అక్కడ మాట్లాడేది మనిషి కాదు. 'మీ సమస్య పరిష్కారమైందా' అని అడుగుతుంది, లేదంటే మళ్ళీ మొదటికి తీసుకెళ్తుంది. విసుగొచ్చి కస్టమర్ కేర్ నంబరు అని నెట్‌లో వెతికాడు. పైనే ఒక నంబరు తగిలింది. అప్పుడు నేను ఆయన చొక్కా జేబులోనే ఉన్నాను, కాబట్టి ప్రతి ముక్కా విన్నాను.

అవతలివాడు ఎంతో మర్యాదగా మాట్లాడాడు. యాప్‌లోని ఆ యంత్రం కన్నా వెయ్యి రెట్లు ఓపిక. "పొట్లాలు రాలేదా అండి? అయ్యో, చాలా సారీ అండి. మీ కాల్ టెక్నికల్ టీముకి కలపాలండి. నేను చెప్పేది డయల్ చేయండి" అన్నాడు. స్టార్, 401, స్టార్, తరవాత ఒక పదంకెల నంబరు. పెద్దాయన ఒక్కో అంకె పైకి చదువుకుంటూ నొక్కాడు. ఆ క్షణం నుంచీ ఆయనకొచ్చే కాల్స్ అన్నీ వాడికి పోతున్నాయి. ఇక వాడు షాపింగు ఖాతాలో 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' నొక్కి, ఓటీపీ ఫోన్ కాల్‌లో చెప్పమన్నాడు. కాల్ నేరుగా వాడి చెవిలో పడింది. ఆ ఓటీపీ ఏమిటో పెద్దాయనకి చివరిదాకా తెలీనే తెలీదు. ఎవరికీ చెప్పొద్దు అని ఊరూరా చాటింపు వేసినా, చెప్పని ఓటీపీ కూడా పోగలదన్నమాట.

ఈ రకం మోసాలు పెరిగాయనే టెలికాం శాఖ ఆ ఏడాది ఏప్రిల్ 15 నుంచి నంబరు నొక్కి కాల్స్ మళ్ళించే ఏర్పాటునే ఆపెయ్యమని కంపెనీలకి చెప్పింది. మా పెద్దాయన ఫోను చేసింది మార్చిలో.

రెండు రోజులు ఫోను మోగకపోతే, సిగ్నల్ లేదనుకున్నాడు. లంక గ్రామాల్లో అదేం వింత కాదు. యాప్ వాలెట్లో ఉన్న కొద్దిపాటి డబ్బు పోయిన సంగతి కూడా చూసుకోలేదు. చివరికి సంగతి బయటపడింది కొల్లేటికోటలో, పెద్దింట్లమ్మ జాతరలో. దర్శనం లైన్లో నిలబడి ఉండగా ఫోను టింగుమంది. 'మీరు రాసిన రివ్యూ చాలామందికి ఉపయోగపడింది, ధన్యవాదాలు.' పక్కనున్న మేనల్లుడు తెరిచి చూశాడు. పెద్దాయన పేరుతో, చంకలో మనవణ్ణి ఎత్తుకున్న ఫోటోతో సహా, ఆడవాళ్ళ ఫేస్ క్రీముకి ఐదు నక్షత్రాలు. 'వాడిన వారంలోనే నా చర్మం మెరిసిపోతోంది.' దాని కింద ఇంకొన్ని: చెవుల్లో పెట్టుకునే బ్లూటూతు, జుట్టు నూనె, పిల్లల డైపర్లు.

"నేనెప్పుడు రాశాన్రా ఇవి?" అని ఆయన అడిగిన తీరుకి లైన్లో ముందువాళ్ళు వెనక్కి తిరిగారు. ఎండకి నల్లగా కమిలిన ఆ మొహం చూసి మేనల్లుడు ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. డబ్బు పోయిందంటే ఓర్చుకునే మనిషి. తన నోట్లో వేరేవాడి మాట పెట్టారంటే ఓర్చుకోలేకపోయాడు.

నక్షత్రాల దొంగకి పెద్దాయన డబ్బు కన్నా ఆయన ఖాతా మీదే ఆశ. నిన్న పుట్టిన ఖాతా రాసిన రివ్యూని యాప్ నమ్మదు. ఏళ్ళ తరబడి టార్చిలైట్లు, బ్యాటరీలు, చెప్పులు కొని డబ్బు కట్టిన ఖాతా రాస్తే 'నిజంగా కొన్నవారు' అన్న ముద్ర పడుతుంది. రివ్యూలకి మన ప్రభుత్వం ఒక ప్రమాణం కూడా తెచ్చింది. భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబర్లో విడుదల చేసిన ఐఎస్ 19000 అది. రాసినవాడు ఫలానా అని ఫోను ద్వారానో ఈమెయిల్ ద్వారానో తేల్చుకోవాలంటుంది. తెచ్చినప్పుడు పాటించి తీరాలన్న షరతు లేదనుకోండి. పాటించినా మాత్రం ఏమయ్యేది? ఫోను నంబరు అసలైనదే, ఖాతా అసలైనదే, చిరునామా అసలైనదే. రాసినవాడొక్కడే నకిలీ.

చొక్కా జేబులో ఫోను పక్కన పడుకుని నాకు తట్టింది ఒకటే. డబ్బుకి మన దేశంలో తాళాలు బాగానే వేశారు. కార్డుతో ఆన్‌లైన్లో కొంటే రెండో తనిఖీ తప్పనిసరి అని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచే పెట్టింది. 2022 అక్టోబరు నుంచి అమ్మేవాళ్ళు కార్డు నంబరే దాచుకోకూడదంది. అందుకే పెద్దాయన బ్యాంకు ఖాతాని దొంగ ముట్టుకోలేకపోయాడు. రివ్యూ రాయడానికి మాత్రం ఏ ఓటీపీ అడగరు. పరువుకి గొళ్ళెం కూడా లేదు.

ఆ సాయంత్రం మకాంలో మరమ్మతు మొదలైంది. మేనల్లుడు ముందు హ్యాష్ హ్యాష్ 002 హ్యాష్ నొక్కి మళ్ళింపులన్నీ తీసేశాడు. వెంటనే ఫోనుకి ప్రాణమొచ్చి, ఐసు లారీవాడు రెండు రోజులుగా ఎక్కడున్నావని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. పాస్‌వర్డు మార్చారు. పాతది అమ్మవారి పేరు, పక్కన 1234. బ్యాంకుకీ అదే, కరెంటు బిల్లుకీ అదే, అన్నీ మార్చారు. ఖాతా ఎక్కడెక్కడ తెరిచి ఉందో చూస్తే దొంగ ఫోనే కాదు, ఎక్స్చేంజిలో ఇచ్చేసిన పెద్దాయన పాత ఫోనూ, ఏలూరు పవర్‌పేటలో పెద్దకొడుకు ఎప్పుడో వెళ్ళిన నెట్ సెంటరు కంప్యూటరూ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఇన్నేళ్ళుగా గుమ్మం అలా తీసే ఉందన్నమాట. అన్నిటినీ బయటికి తోసేశారు.

తరవాత 1930కి ఫోను చేశారు. డబ్బు పోయిన వెంటనే చెప్తే అది చేతులు మారకముందే ఆపే వీలుంటుంది. వీళ్ళు చేసేసరికి ఆలస్యమైంది గానీ ఫిర్యాదు నంబరు ఇచ్చారు. మర్నాడు ఏలూరు వెళ్ళి రాతపూర్వకంగానూ ఇచ్చొచ్చారు. ఇతరుల పాస్‌వర్డు వాడుకుంటే ఐటీ చట్టం 66సి కింద మూడేళ్ళ దాకా జైలు. పెద్దాయన ఆ కాగితంలో డబ్బు సంగతి ఒక్క లైనులో ముగించి, ఫేస్ క్రీము గురించి అరపేజీ రాయించాడు.

నన్ను రిటర్న్ చేసే గడువు ఈ గొడవలో దాటిపోయింది. కైకలూరు ఆక్వా ల్యాబువాళ్ళ దగ్గర బఫర్ తీసుకుని నన్ను సరిచేశారు. పావు తేడా ఉన్నాను, ఇప్పుడు లేదు. ఇక పెద్దాయన తన సొంత రివ్యూ చెప్పాడు, మేనల్లుడు టైపు చేశాడు. 'పెన్ను మంచిదే. పొట్లాలు రాలేదు. సరిచేయకుండా చెరువులో ముంచి దీన్ని తిట్టకండి. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి చూడండి. గాజు బుడగని ఎండనివ్వకండి.' మూడు నక్షత్రాలు.

నా బతుకులో నా గురించి రాసిన మొట్టమొదటి మాటలవి. రెండు రోజులు 'పరిశీలనలో ఉంది' అని పక్కన పెట్టారు. ఆడవాళ్ళ క్రీముకి లేని పరిశీలన నాకెందుకో. తరవాత వేశారు, ఎక్కడో అడుగున, ఫోను కవర్ల కింద.

వారం తిరక్కుండా అమ్మేవాడి నుంచి మెసేజు. ఆ రివ్యూ తీసేస్తే పెన్ను డబ్బు మొత్తం వెనక్కిస్తాడట, పెన్ను ఉంచేసుకోవచ్చట. మేనల్లుడు బేరం బాగుందే అన్నట్టు చూశాడు. పెద్దాయన నన్ను జేబులోంచి తీసి, కడిగి, మూత బిగించి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"డబ్బు సంగతి తరవాత గానీ, ముందు నా పొట్లాలు పంపమను."