తుని సూత్రానికి టీకా తాత్పర్యాలు

మూలం: ‘‘ఏ కాలేజీ అయినా పర్లేదండీ, మావోడికి సీఎస్ఈ వస్తే చాలు.’’

అవతారిక: ఈఏపీసెట్ ర్యాంకులు వెలువడి, వెబ్ ఆప్షన్ల గడువు ముంచుకొచ్చు తరుణమున, తుని రైల్వే స్టేషను చేరువ కాలేజీ ఫ్లెక్సీ నీడలో నిలుచున్న ఒకానొక తండ్రి అడగనివారికి సైతము అనుగ్రహించిన సూత్రమిది. వక్త మామిడికాయల వ్యాపారి. తోటంతా తిరిగి, కాయ కోయించి, చెక్క తీసి చూచినగాని బయానా ఇవ్వడని ప్రతీతి.

ప్రతిపదార్థము: పర్లేదండీ = సుగమము. సీఎస్ఈ = లోకప్రసిద్ధము గనుక విడిచితిమి; వక్తయు విడిచినాడు. మావోడికి = ‘కి’ షష్ఠీ ప్రత్యయము. ‘వస్తే’ అను క్రియకు కర్త సీఎస్ఈ. చదువవలసినవాడు విభక్తి పట్టుకొని ఒక వారగా నిలుచున్నాడు. నిజముగానే నిలుచున్నాడు. ‘‘నీకేం ఇష్టం బాబూ?’’ అని నేనడిగితే జవాబు తండ్రి చెప్పాడు.

విశేషము: ఇచట శాఖావిచారము కర్తవ్యము. అవసరం లేనిది చెప్పనని కొలిచాల మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టి వ్యాఖ్యానాలు రాశాడు. మాకట్టి నియమం లేదు. పతంజలి మహాభాష్యంలో వేదశాఖలను లెక్కించాడు: ఋక్కుకు 21, యజుస్సుకు 101, సామానికి 1000, అథర్వణానికి 9. ఆ వెయ్యి సామశాఖల్లో నేటికి నిలిచినవి కౌథుమ, రాణాయనీయ, జైమినీయాలు మూడే. మన గోదావరి అగ్రహారాల్లో ఎక్కువగా వినబడేది కృష్ణయజుర్వేదపు తైత్తిరీయం. శాఖకూ శాఖకూ తేడా కొన్నిచోట్ల పాఠంలో, కొన్నిచోట్ల మంత్రాల వరుసలో. ఆ కాస్త తేడా చెదరకుండా ఉండటానికే పదం, క్రమం, జట, ఘన అని అంచెలంచెల వల్లె. జటలో రెండు పదాలు ముందుకు, వెనక్కు, మళ్లీ ముందుకు నడుస్తాయి. ఘనలో మూడో పదం కూడా చేరుతుంది. అక్షరం జారితే గురువు అక్కడే ఆపుతాడు, మొదటి నుంచి చెప్పిస్తాడు. ఈ సంగతి ఎందుకెత్తుకున్నాం? ఆఁ, సీఎస్ఈ.

దానికిప్పుడు ఏఐ, ఏఐ-ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఐఓటీ అని ఉపశాఖలు. భేదము ఫ్లెక్సీ మీద స్ఫుటము. మొదటి ఏడాది క్లాసులో అన్వేషణీయము. అదే సి ప్రోగ్రామింగు, అవే డేటా స్ట్రక్చర్లు, చాలాచోట్ల ఆ మేష్టారే. బాగా నడిచే కాలేజీలకు బ్రాంచికి ఇన్నే సీట్లన్న పరిమితిని ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. సీట్లు ఒక్క ఉత్తర్వుతో పెరుగుతాయి. చెప్పే మేష్టార్లు అలా పెరగరు కదండీ! కన్వీనరు కోటాలో రాకపోతే మేనేజ్‌మెంటు సీటు కొనైనా సరే అన్నది దీనికి అనుబంధ సూత్రం. దాని వ్యాఖ్యానం తాకట్టు కాగితాల మీద ఉంటుంది.

శంక: వేరే బ్రాంచి చదివినవానికి కంప్యూటరు అబ్బునా?

సమాధానము: చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు 1958లో మద్రాసు గిండీ కాలేజీలో పట్టా పుచ్చుకున్నది సివిల్‌లో. కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ఆయనను ట్యూరింగ్ అవార్డు వరించింది. అప్పటికి మన ఫ్లెక్సీలు పుట్టలేదు. ఇక మన సంగతి: 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినందుకు కాటన్ దొర విగ్రహాలకు దండలేస్తాం. ఇంట్లో కుర్రాడు సివిల్ అన్నాడంటే మాత్రం ఆ పూట ఎవరూ అన్నం సరిగా తినరు.

తాత్పర్యము: సీఎస్ఈ చెడ్డ చదువు కాదు. ఇష్టపడి చదివేవాడికి అంత సరదా చదువు మరోటి లేదేమో కూడా. చెడ్డది ఆ ‘ఏ కాలేజీ అయినా’. అయ్యా, ఆప్షన్లు ఫ్రీజ్ చేసేలోగా కాలేజీకి ఒకసారి వెళ్లి ల్యాబు తలుపు తీయించండి, పాఠం ఎవరు చెబుతున్నారో కనుక్కోండి. అంతకంటే ముందు కుర్రాణ్ణి అడగండి. వాడే సీఎస్ఈ అంటే సంతోషంగా చేర్పించండి.