దీపమే తీసేస్తే పోలా!

టెయిల్ లైట్లు విప్పి మార్చిన కార్ల మీద స్పెషల్ డ్రైవ్ పెడతామని పెద్దలు సెలవిచ్చిన సంగతి మీరూ చదివే ఉంటారు. కంపెనీ అతికించి ఇచ్చిన దీపాన్ని ఊడదీసినా, లోపల రంగులు మార్చినా, పైన నల్ల ఫిల్మ్ అంటించినా ఊరుకోరట. చట్టం వాళ్ల పక్షానే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండికి కంపెనీ ఇచ్చిన రూపం మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే మాట చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, అదృష్టం బాగుంటే రెండూ.

మా పక్కింటి కుర్రాడు ఈ వార్త చదివి మంచం పట్టాడు. వాడిది కళాహృదయం. సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కుని ఆర్నెల్లుగా దాని వెనకభాగాన్నే ఆరాధిస్తున్నాడు. వాడు లైటు విప్పుతుంటే నేను పక్కనే నిలబడి చూశాను. డిక్కీ తెరిచి, లోపలి నట్లు విప్పి, లైటు మొత్తాన్ని బయటికి లాగాడు. హీట్ గన్‌తో అంచు చుట్టూ వేడి పెట్టాడు. అద్దాన్నీ వెనక డిప్పనీ కలిపి పట్టుకుని లోపల బ్యూటైల్ అనే నల్లటి బంక ఉంటుంది, అది మెత్తబడాలి. వేడి ఎక్కువైతే ఎర్ర ప్లాస్టిక్ వంకర్లు పోతుంది. తక్కువైతే లాగేటప్పుడు ఫెళ్లుమంటుంది. సందులో స్క్రూడ్రైవర్ దూర్చి కొంచెం కొంచెం లేపుతుంటే బంక తీగలు తీగలుగా సాగింది. కొన్ని కార్లకి బంకే ఉండదట, ప్లాస్టిక్కునే కరిగించి అతికేస్తారట. వాటిని కోయాల్సిందేనన్నాడు, ఆపరేషన్ చేసే డాక్టరంత గంభీరంగా.

లోపల ఎల్‌ఈడీ పట్టీ పెట్టాడు, ఇండికేటర్ ఈ కొస నుంచి ఆ కొసకి పరిగెత్తేలా. పాత బంక గీకేసి, కొత్తది గాడి పొడవునా పరిచి, క్లాంపులు బిగించి రాత్రంతా వదిలేశాడు. ఒక్కచోట సందున్నా వానాకాలం లోపల ఆవిరి పట్టి లైటు కంటిశుక్లం వచ్చినట్టు అయిపోతుందని, పొద్దున్నే బకెట్ నీళ్లలో ముంచి బుడగలొస్తాయేమో చూశాడు. మన దగ్గర వంతెనలకి కూడా ఇంత పరీక్ష జరగదు.

"బాబాయ్, రెండు లైట్లూ కలిపి ఒక మార్పా, రెండు మార్పులా? ఐదు వేలా, పది వేలా?" అన్నాడు నీరసంగా.

"ఒరేయ్, నువ్వు పోయే దారే తప్పు. దీపం మార్చడం నేరం. దీపమే లేకపోవడం వ్యవసాయం," అన్నాను.

వాడికి అర్థం కాలేదు. చీకటి పడ్డాక ఊరి బయటికి తీసుకెళ్లి చూపించాను. చూపించాను అనడం కూడా తప్పే, ఏమీ కనపడలేదు కాబట్టి. వరిగడ్డి వేసుకున్న ట్రాక్టర్ ట్రాలీ పోతోంది. వెనక దీపం లేదు, ఇండికేటర్ లేదు, బ్రేక్ లైట్ లేదు, నంబర్ ప్లేటు ఉంటే గింటే గడ్డి కింద ఉంది. చెక్‌పోస్టు దగ్గర దాన్ని ఎవరూ ఆపలేదు. ఎందుకాపుతారు? దాంట్లో మార్చిందేముంది? పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

అప్పటికప్పుడు వాడికి కొత్త ప్యాకేజీ రాసిచ్చాను. ముందు రెండు లైట్లూ పీకెయ్. ఆ కన్నాల్లో గోనెసంచులు కుక్కు. పైన ఇంత పేడ రాస్తే సీలింగ్ సమస్యే ఉండదు, వానకి చుక్క దిగదు. డిక్కీ మీద రెండు మోపుల గడ్డి కట్టు, నంబరే కనపడనప్పుడు చలానా ఫొటో ఎవరింటికి పంపుతారు? బ్రేక్ లైట్ బదులు మీ తమ్ముణ్ని టాప్ మీద కూర్చోబెట్టు. నువ్వు బ్రేక్ తొక్కినప్పుడల్లా వాడు చెయ్యెత్తుతాడు. నీకు పరిగెత్తే ఇండికేటర్ మీద మోజు కదా, వాణ్ని వేళ్లు ఒక్కొక్కటిగా తెరవమను. కారులోంచి ఇనుప చువ్వలు రెండు గజాలు బయటికి పెట్టుకుంటానంటే అదీ పెట్టుకో, కొసకి ఎర్రగుడ్డ కట్టడం మర్చిపోకు. రాత్రి పూట ఎర్రగుడ్డ నల్లగానే కనిపిస్తుందనుకో, కానీ సంప్రదాయం సంప్రదాయమే.

బండి దారిలో చెడిపోతే? కొత్త కారుతో పాటు కంపెనీవాళ్లు ఎర్ర త్రికోణం ఒకటి ఇవ్వాలని రూల్ ఉంది. దాన్ని కవర్లోంచి తియ్యకు, పాడైపోతుంది. నాలుగు బండరాళ్లు, ఒక వేపకొమ్మ చాలు. రిపేరయ్యాక కొమ్మా రాళ్లూ అక్కడే వదిలెయ్, వెనక బైకు మీద వచ్చేవాడికి పనికొస్తాయి.

"ఇంకొంచెం స్టైలుగా కావాలంటే?" అన్నాడు. వాడిలో ఆశ చిగురించింది.

ఉంది, ఇసుక ట్రాక్టర్ మోడల్. దాంట్లో వెనక దీపాలే కాదు, ఏటి గట్టు ఎక్కేటప్పుడు ముందు దీపాలూ ఆర్పేస్తారు. అప్పుడు పోలీసులకి నువ్వు కనపడవు. కనపడకూడదని వాళ్లకీ ఉంటుంది. అంతకంటే పై మోడల్ లారీ. వెనకాల 'నన్ను చూసి ఏడవకురా' అని రాయించు. చూడ్డానికి వెలుగేదిరా అని అడిగేవాడు ఆ ప్రశ్న పూర్తిచేసే లోపే నీ బండి కిందికి వచ్చేస్తాడు.

వాడు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

2022లో ఈ దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. ఆ ఏడాది ప్రమాదాల్లో ఐదోవంతుకు పైగా వెనక నుంచి గుద్దినవేనని కేంద్ర రవాణా శాఖ నివేదికే చెప్పింది. అన్నీ దీపాల్లేకనే జరిగాయని నేననను. కానీ విజయవాడ హైవే మీద రాత్రిళ్లు బండి నడిపినవాణ్ని ఎవణ్నైనా అడగండి, ముందున్న చీకట్లోంచి ఉన్నట్టుండి లారీ వెనకభాగం ఊడిపడితే ఎలా ఉంటుందో చెప్తాడు, చెప్పడానికి మిగిలుంటే. 2024 ఏప్రిల్‌లో కోదాడ దగ్గర ఆగి ఉన్న లారీని కారు గుద్ది ఒకే కుటుంబంలో ఆరుగురు పోయారు. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ మర్నాడు పేపర్లో ఒకటే వాక్యం: డ్రైవర్ నిద్రమత్తే కారణమని ప్రాథమిక అంచనా. పోయినవాడు లేచొచ్చి నేను మెలకువగానే ఉన్నానని చెప్పడు కదా.

నల్ల ఫిల్మ్ అంటించినవాడికి చలానా రాయండి, నేనే పెన్ను ఇస్తాను. బ్రేక్ వేసినా కనపడని లైటు వెనకవాడి ప్రాణం తీస్తుంది. మరి ఆ న్యాయం అసలు లైటే లేనివాడికి ఎందుకు వర్తించదు? ట్రాలీకైనా వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలని రూల్ ఉంది. రేడియం స్టిక్కరు ఫిట్‌నెస్ రోజున మెరిసి, మర్నాటి నుంచి మట్టి కింద పడుకుంటుంది. టోల్ గేటు దగ్గర అరచేయంత లేని ఫాస్టాగ్ ముక్కని కదులుతున్న లారీ అద్దం మీద పసిగట్టి క్షణంలో డబ్బు లాక్కునే యంత్రానికి, అదే లారీ వెనక దీపం లేదన్న సంగతి కనపడదా? ఒక్క దీపం లేని బండిని ఒక్క గేటు దగ్గరైనా ఆపి, బల్బు వేయించుకున్నాకే వదలండి. ఆ బల్బు ఖరీదు మీ టోల్ రసీదు కంటే తక్కువ. అది చేతకాక, పట్టపగలు, సిటీ సిగ్నల్ దగ్గర, ఎలాగూ ఆగి ఉన్న కార్ల వెనక టార్చి పట్టుకుని తిరుగుతూ దానికి స్పెషల్ డ్రైవ్ అని పేరు పెడతారా?