కంప్యూటరుకు మడి

మన కళాశాలలలో గ్రంథాలయమునకు చెప్పులతో పోవచ్చును, ప్రిన్సిపాలుగారి గదికిని పోవచ్చును, రసాయనశాలకైతే చెప్పులు లేనిదే పోరాదు. కాని కంప్యూటరు ల్యాబు గడపయొద్దకు వచ్చునప్పటికి, సెక్షనులోని అరువదిమందియు వరండాలో పాదరక్షలు విడిచి, రిజిస్టరులో సంతకములు చేసి, గొంతు తగ్గించుకొని లోనికి నడువవలసినదే. యంత్రములు పాడుకాకుండుటకే ఈ కట్టుబాటని ల్యాబు ఇన్‌చార్జిగారు సెలవిత్తురు. వారి శ్రద్ధను శంకించువాడను కాను. ఆ శ్రద్ధ ఎవరికి చేరుచున్నదో మాత్రము విచారింపదలచితిని.

ఈ మడికి ఒకప్పుడు అర్థము లేకపోలేదు. ఒక్క కంప్యూటరే చల్లని గదినంతయు ఆక్రమించి, దాని డిస్కుపళ్లెములు చేతితో తీసి పెట్టదగినవై యుండిన కాలమున, పళ్లెమునకును దానిపై తేలియాడు హెడ్డుకును నడుమనుండు సందుకంటె ధూళికణమే పెద్దది గనుక, ఒక్క రేణువు చొరబడినను హెడ్డు పళ్లెమును గీకి అందలి వ్రాతనంతయు చెరుపగలిగెడిది. తరువాత ఆ డిస్కు లోహపు పెట్టెలో మూతబడి, వడపోతగుండ మాత్రమే గాలి పీల్చుకొనజొచ్చెను. ఇటీవల తిరుగు పళ్లెమే లేని ఎస్.ఎస్.డి. వచ్చినది. అయినను, తద్దినమునాడు అల్లరిపిల్లిని గంపక్రింద మూసిన తండ్రిని చూచి, ఇంట పిల్లి లేకున్నను పొరుగునుండి అరువు పిల్లిని తెచ్చి మూసిన కొడుకువలె, మన కళాశాలలు చెప్పులను విడిపించుచునే యున్నవి. జేబులోని పెన్‌డ్రైవుతో దర్జాగా లోనికి పోవు వైరస్‌ను మాత్రము గడపయొద్ద ఎవరును ఆపరు.

ఇందు మరియొక విడ్డూరము కలదు. చెప్పు లేని పాదమును నేలపై మోపి, ఊడిన కీబోర్డు తీగను గ్రుచ్చుటకై సి.పి.యు. పెట్టెను తాకిన విద్యార్థికి వ్రేళ్లు జివ్వుమనును. మూడు పిన్నుల ప్లగ్గులోని లావుపాటి పిన్ను భూమికి చేరవలసినది. గోడలోని ఆ తీగ నడుమనే తెగియున్నను, ఆవరణలోని ఎర్తు గొయ్యి ఎండి, అందలి ఉప్పు బొగ్గు మట్టిపాలై యున్నను, పవర్ సప్లైలోని కెపాసిటర్లగుండ 230 వోల్టులలో ఇంచుమించు సగము ఆ పెట్టెమీదనే తిష్ఠవేయును. అందుండి ప్రవహించునది అత్యల్పము గనుక సాధారణముగా చురుక్కుమనిపించి ఊరకుండును. రబ్బరు చెప్పులున్నచో ఆ చురుకును అంతగా తెలియదు. కాబట్టి, యంత్రరక్షణకై పిల్లల చెప్పులు విడిపించి, ఎర్తు లేని యంత్రమునకు ఆ పిల్లలనే ఎర్తుగా సమకూర్చిన ఘనత మన విద్యాసంస్థలకు దక్కినది.

ఇక తాళము. వాడనిది చెడదని వీరి సిద్ధాంతము గనుక, ప్రాక్టికల్సు ముగియగనే ముసుగులు కప్పి గదికి తాళము వేయుదురు, సెలవులలో మెయిను స్విచ్చి కట్టివేయుదురు. వేసవియంతయు ఛార్జి లేక పడియున్న యు.పి.ఎస్. బ్యాటరీలో సీసపు పలకలపై సల్ఫేటు గట్టిపడి, జూనులో కరెంటు పోయిన మరుక్షణమే అదియును పోవును; మదర్‌బోర్డుపైనున్న సి.ఆర్. 2032 అను నాణెమంత సెల్లు, ప్లగ్గు తీసిననాటినుండి గడియారమును ఒంటరిగా మోసి మోసి నీరసించి, తుదకు యంత్రమును ఏనాటి తేదీకో త్రిప్పి పంపును. విండోస్ 7 కు మైక్రోసాఫ్టువారు 2020 జనవరి 14న, విండోస్ 10 కు 2025 అక్టోబరు 14న మద్దతు విరమించిరి. ముసుగు తీయని యంత్రములున్నవి గదా యని ఒక్క దినమైనను ఆగలేదు.

ఆయుధపూజనాడు మానిటరుకు పసుపు కుంకుమలు, కీబోర్డుకు పూలు అమరును. లోపలి ఫ్యాను రెక్కలకు పట్టిన దుమ్ము మాత్రము ఏటేట దళసరియగుచునే యుండును. స్టాకు రిజిస్టరులో ప్రతి మౌసుకును ఒక సంఖ్య కలదు, అది కదలునా యను గడి లేదు.

కళాశాలను తనిఖీచేయు న్యాక్ కమిటీ వచ్చుదినమున ముసుగులన్నియు ఉదికించి, యంత్రములన్నిటిని వెలిగించి, వరండాలోని చెప్పుల గుట్టను మేడ వెనుకకు తరలింతురు. కమిటీవారు బూటులతోనే లోనికి విచ్చేయుదురు. వారి బూటులకు ధూళి అంటదు కాబోలు. వారినిగూడ గడపయొద్ద సవినయముగా ఆపి, బూటులును మేజోళ్లును విప్పించి, తడిగుడ్డతో తుడిచిన నేలపై నిలిపి, ఒక్క సి.పి.యు. పెట్టెపై చేయి వేయనిచ్చినచో, ఎర్తు గొయ్యికి కావలసిన మంజూరు ఆ సాయంత్రమునకే రాగలదు.