ఏడుగురు ఓటర్లు, పదకొండు శాఖలు

మా అక్క కొడుకు పగలు డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, రాత్రి న్యాయశాఖ మంత్రి. ప్రమాణ స్వీకారం అయిన పూటే ఫోన్ చేసి చెప్పాడు. నేను హడలిపోయి, "మరి గ్రీన్‌కార్డు సంగతేంట్రా?" అన్నాను.

అప్పుడు నిదానంగా విప్పి చెప్పాడు. నేషన్‌స్టేట్స్ అని ఒక ఆన్‌లైన్ ఆట. మాక్స్ బారీ అనే ఆస్ట్రేలియా నవలాకారుడు, రాబోయే తన నవల 'జెన్నిఫర్ గవర్నమెంట్'కి కాస్త ప్రచారం దొరుకుతుందని 2002 నవంబరులో పెట్టాడు. నవల మరుసటి ఏడాది వచ్చింది. ఆట మాత్రం ఇరవై ఏళ్ళు దాటినా నడుస్తూనే ఉంది. అందులో ఎవరైనా ఒక దేశం పెట్టుకోవచ్చు. పేరు, జెండా, నాణెం, జాతీయ జంతువు అన్నీ మన ఇష్టం. రోజూ కొన్ని సమస్యలు మన బల్ల మీదికి వస్తాయి. మనం చెప్పిన తీర్పుల్ని బట్టి దేశం కొన్నాళ్ళకు స్వేచ్ఛాస్వర్గమైనా అవుతుంది, పిచ్చి నియంతృత్వమైనా అవుతుంది. సైన్యాలు ఢీకొనే యుద్ధమంటూ ఆటలో లేదు. వాడు అంత ముచ్చటగా చెబుతుంటే నేనూ ఒక దేశం పెట్టేశాను. జాతీయ జంతువు ముంగిస, నాణెం అర్ధణా.

ఇంతవరకూ ఎవరితోనూ నాకు పేచీ లేదు. పేచీ అంతా రాజ్యాంగంతో వచ్చింది.

దేశాలు కలిసి ఉండే చోటును రీజియన్ అంటారు. మావాడు మంత్రిగా వెలిగే రీజియన్‌కి నేను చేరేనాటికి ఆరో రాజ్యాంగం నడుస్తోంది. చేరిన వారానికే ఏడోది కావాలని ఉద్యమం మొదలైంది. కారణమేమిటయ్యా అంటే, జనం రావడం లేదట. సభలు జరిగేది డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో. అక్కడ నోరు విప్పేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెడితే ఏడుగురు తేలారు. శాఖలు పదకొండు. ఏడుగురికి పదకొండు ఎలా సరిపెట్టారురా అంటే, "అందులో నాలిగింటికి ఉపమంత్రులు కూడా ఉన్నారు మామయ్యా" అన్నాడు, గర్వంగా.

ఈ ఆటలో అధికారం ఎక్కడ ఉంటుందో ఒక్కసారి చూడండి. రీజియన్‌ని స్థాపించినవాడు ఆటకు వస్తున్నంతకాలం మామూలుగా పెత్తనం వాడిదే. వాడు ఇరవై ఎనిమిది రోజులు మొహం చూపించకపోతే వాడి దేశం మాయమవుతుంది. మా రీజియన్ స్థాపకుడు ఎప్పుడో పెళ్ళి చేసుకుని మాయమయ్యాడు. అప్పుడు మిగిలేది డెలిగేట్. వరల్డ్ అసెంబ్లీ అని ఆటలోనే ఒక ప్రపంచసభ ఉంది. అందులో సభ్యత్వమున్న దేశాలు ఒకదానికొకటి ఎండార్స్‌మెంట్ ఇచ్చుకుంటాయి. రీజియన్‌లో ఎవరికి ఎక్కువ పడితే వాడే డెలిగేట్. గెంటేసే బటన్, రీజియన్ పేజీ మార్చే బటన్ వాడి చేతిలో ఉంటాయి. ఆట నడిపే కంప్యూటరుకు తెలిసిన అధికారం అంతే. రాజ్యాంగమా? అది వేరే చోట, వేరే ఫోరంలో, నలభై ఏడు అధికరణాలతో ఉంటుంది. కంప్యూటరు దాన్ని ఎన్నడూ చదవలేదు. చదివినవాళ్ళలో రాసినవాడు ఒకడు, మావాడు ఇంకొకడు.

ఈ రహస్యం తొలినాళ్ళలోనే బయటపడింది. కొత్తగా పుట్టిన దేశాలు వచ్చి పడే పెద్ద రీజియన్లు కొన్ని ఉన్నాయి. వాటిలో 'ది పసిఫిక్' ఒకటి. 2003లో ఫ్రాంకోస్ స్పెయిన్ అనే దేశం పేరుతో ఆడే ఒకాయన అక్కడ డెలిగేట్ కుర్చీ ఎక్కి, ఎదురు తిరిగినవాళ్ళను బయటికి నెట్టి, 'న్యూ పసిఫిక్ ఆర్డర్' అని కొత్త పాలన ప్రకటించాడు. నాకు ఆయన మీద ప్రేమేమీ లేదు. కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. అందరూ హక్కుల గురించి వాదులాడుకుంటుంటే ఆయన బటన్ ఎక్కడుందో చూసుకున్నాడు.

మన సంస్కర్తలకు ఈ కథ కంఠోపాఠం. దాన్నుంచి నేర్చుకున్న పాఠమేమిటని అడిగితే, "అందుకే కదా మామయ్యా, పటిష్ఠమైన రాజ్యాంగం కావాలి" అంటారు. కిటికీ విరగ్గొట్టుకుని దొంగ వచ్చాడంటే, గుమ్మం మీద 'దొంగతనం నేరం' అని ఇంకొంచెం పెద్ద అక్షరాలతో రాయిద్దామన్నట్టు.

సంస్కరణకు ఒక ఋతుచక్రం ఉంది. మొదట అధ్యక్షుడు ఉంటాడు. ఆయన సెలవు మీద వెళ్ళి నెలరోజులు కనబడడు. దీనికి మూలకారణం అధ్యక్ష తరహా వ్యవస్థే అని ఒకరు వ్యాసం రాస్తారు. ప్రధానమంత్రిని తెస్తారు. ఆయనకీ పరీక్షలు వస్తాయి. అప్పుడు శాఖలు ఎక్కువైపోయాయని గుర్తించి, పదకొండింటిని మూడు చేస్తారు. ఎనిమిది శాఖల మాజీ మంత్రులు అలుగుతారు. వాళ్ళను బుజ్జగించడానికి ఎనిమిది కమిషన్లు వేస్తారు. ఆఖరికి ప్రత్యక్ష ప్రజాస్వామ్యం పెడతారు. అంటే ప్రతి విషయాన్నీ జనమే తేల్చాలి. జనం ఏడుగురు. ఇద్దరు వస్తారు. కోరం లేదు కనక, కోరం ఎంత ఉండాలన్న విషయం కూడా తేలదు. అప్పుడు ఎవరో ఒక వృద్ధుడు, అంటే పందొమ్మిదేళ్ళవాడు, "అసలు మనకు బలమైన అధ్యక్షుడు ఉన్న రోజులే బాగుండేవి" అంటాడు.

ఆడలేక మద్దెల ఓడు అని మన సామెత. వీళ్ళు ఆరు మద్దెలలు మార్చారు. ఆడడానికి మాత్రం ఎవరూ లేవలేదు.

ఓట్ల లెక్కింపు పద్ధతి మీద జరిగిన చర్చను నేను ఈ జన్మలో మరచిపోను. ఎక్కువ ఓట్లు వచ్చినవాడు గెలవడం మొరటు పద్ధతట. ఓటరు అభ్యర్థులకు వరసగా ర్యాంకులు ఇవ్వాలి, ఇద్దరిద్దర్ని జతపెట్టి పోల్చాలి, చక్రంలా చుట్టుకుంటే దాన్ని విడగొట్టడానికి వేరే సూత్రం. పద్నాలుగు రోజులు వాదించారు. ఇంటరు లెక్కల పరీక్ష తప్పిన నాక్కూడా ఆ పద్నాలుగు రోజుల్లో ఫ్రెంచి గణితవేత్త కాండర్సే పేరు నోరు తిరిగింది. తీరా నామినేషన్ల గడువు ముగిసేసరికి పోటీలో ఉన్నది ఒక్కడు. ఆయన్ని ఆయనతోనే జతపెట్టి పోల్చారు. గెలిచాడు.

కోర్టు కూడా ఉంది. ముగ్గురు న్యాయమూర్తులు ఉండాలని ఆరో రాజ్యాంగం చెబుతోంది, ఉన్నది ఒకాయన. ఆయనే విదేశాంగ మంత్రి. అధికారాల విభజన సూత్రానికి ఇది విరుద్ధమని ఒకరు దావా వేశారు. విచారించాల్సింది ఆయనే. మంత్రిగా సంజాయిషీ ఇచ్చుకుని, జడ్జిగా దాన్ని కొట్టేసి, తనమీద తానే నైతిక బాధ్యత వహించి రెండు పదవులకూ రాజీనామా చేశాడు. తీర్పు మాత్రం చాలా బాగుందిట. మావాడు అందులో ఒక పేరా నాకు ఫోన్లో చదివి వినిపించాడు. వాళ్ళ అమ్మకు జ్వరమని చెప్పడానికి చేసిన ఫోన్ అది.

ఇది ఒక్క ఆటకే పట్టిన జబ్బు అనుకోకండి. ఐస్‌లాండ్‌లోని సీసీపీ అనే కంపెనీ నడిపే ఈవ్ ఆన్‌లైన్ అని అంతరిక్ష సామ్రాజ్యాల ఆట ఉంది. 2007లో ఆ కంపెనీ ఉద్యోగి ఒకడు తను ఆడే జట్టుకు లోపాయికారీగా మేలు చేశాడని రచ్చయింది. ఆ మరకను కడుక్కోవడానికి కంపెనీ 2008లో ఆటగాళ్ళు ఎన్నుకునే మండలి ఒకటి పెట్టింది. ఎన్నికైనవాళ్ళు రేక్యావిక్ వెళ్ళి కంపెనీవాళ్ళతో కూర్చుంటారు. అయితే లోపల విన్నది బయట చెప్పకూడదని సంతకం పెట్టి మరీ కూర్చోవాలి. సలహా ఇవ్వొచ్చు, నిర్ణయం కంపెనీది. ప్రజలు ఓటేసి పంపిన ప్రతినిధి ప్రజలకు చెప్పకూడని ప్రజాస్వామ్యం అది. అయినా దాని ఎన్నికల పద్ధతిని కూడా సంస్కరించారు. 2013 నుంచి అక్కడా ర్యాంకుల ఓట్లే.

ఆ ఆటలోనే 2014 జనవరిలో ఒక మహాయుద్ధం జరిగింది. బీ-ఆర్5ఆర్‌బీ అనే నక్షత్ర మండలంలో ఇరవై ఒక్క గంటలు, వేలమంది ఆటగాళ్ళు, ఆటలోకెల్లా పెద్ద నౌకలైన టైటన్లు డెబ్భై అయిదు బూడిద. పోయిన సరుకు విలువ నిజం డబ్బుల్లో 3 లక్షల డాలర్లపైనే అని కంపెనీయే లెక్క చెప్పింది. ఇంతకీ నిప్పు ఎక్కడ రాజుకుందంటే, ఆ మండలం మీద హక్కుకు కట్టాల్సిన బిల్లు సమయానికి కట్టలేదు. అంతే. కరెంటు బిల్లు మరిచిపోతే ఫ్యూజు పీకినట్టు. ఏ రాజ్యాంగంలోని ఏ అధికరణం ఆ సామ్రాజ్యాన్ని కాపాడి ఉండేది? గుర్తుపెట్టుకుని బిల్లు కట్టే గుమాస్తా ఒకడుంటే సరిపోయేది. కానీ మా రీజియన్ పదకొండు శాఖల్లో గుమాస్తా పోస్టు లేదు. దానికి ఎవరూ పోటీ చెయ్యరు.

నేషన్‌స్టేట్స్‌లో నిజంగా జరిగిన సంస్కరణలు వెతికితే రెండు దొరికాయి నాకు. ఒకటి, 2006లో వచ్చిన 'ఇన్‌ఫ్లుయెన్స్' లెక్క. డెలిగేట్ ఎవణ్ణయినా గెంటాలంటే తను కూడబెట్టుకున్న పలుకుబడి ఖర్చుపెట్టాలి. ఆట కోడ్‌లోనే పెట్టారు కనక అది ఆ రోజు నుంచే పనిచేసింది. రెండోది ఇంకా రసవత్తరం. మొదట్లో ఆ ప్రపంచసభ పేరు ఐక్యరాజ్యసమితే. పేరూ చిహ్నమూ అనుమతి లేకుండా వాడుతున్నారని 2008లో అసలు ఐక్యరాజ్యసమితి నుంచి లాయరు నోటీసు లాంటిది వచ్చింది. బారీగారు ఏప్రిల్ ఒకటో తారీఖున దాన్ని వరల్డ్ అసెంబ్లీ చేసి పారేశారు. ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు కొందరు. కమిటీ లేదు, ముసాయిదా లేదు, రెండు పఠనాలు లేవు. లోకమంతా యుద్ధాలు ఆపండి మొర్రో అంటే ఎవరూ వినని ఐక్యరాజ్యసమితి మాటకు చరిత్రలో ఒకచోట తు.చ. తప్పకుండా విలువ దక్కింది, అదీ ఒక నవల ప్రచారపు ఆటలో.

ఇక ఏడో రాజ్యాంగం కథ.

ఆమోదించే సభ ఆదివారం పెట్టారు. డాలస్‌లో పొద్దున పదకొండు, మనకు రాత్రి తొమ్మిదిన్నర. ఆటలో డెలిగేట్ ఎవరో తేల్చే అప్‌డేట్ రోజుకు రెండుసార్లు జరుగుతుంది. వేసవిలో వాటిలో ఒకటి సరిగ్గా మనం అన్నం తిని లేచే ఆ వేళకే మొదలవుతుంది. రైడర్లు అని ఒక జాతి ఉంది. అప్‌డేట్‌కి ముందు గబగబా ఒక రీజియన్‌లో దిగి, తమవాడికి ఎండార్స్‌మెంట్లు గుద్ది, కుర్చీ కొట్టేయడం వాళ్ళ వినోదం. వరల్డ్ అసెంబ్లీ పనిగట్టుకుని ఎవరినైనా ఖండిస్తే, ఆ ఖండనను పతకంలా దేశం పేజీ మీద తగిలించుకుని మురిసిపోయే రకం.

నేను సభలోకి వెళ్ళేసరికి ముప్ఫై రెండో అధికరణం మీద ఉన్నారు: 'అత్యవసర పరిస్థితి, దండయాత్ర'. దండయాత్ర జరిగిందని ప్రకటించే అధికారం రక్షణమంత్రిదా, మంత్రివర్గానిదా అని చర్చ. నాకు పని లేక మా డెలిగేట్ పేజీ తెరిచి చూశాను. ఎండార్స్‌మెంట్లు మూడు.

మావాడికి ఫోన్ చేశాను. "ఒరే, ఏడుగురున్నారు కదా, మూడేమిట్రా?"

"మిగతావాళ్ళు వరల్డ్ అసెంబ్లీలో చేరలేదు మామయ్యా. అది వాళ్ళ సిద్ధాంతం."

"మరి నువ్వు?"

కాస్త నిశ్శబ్దం. "చేరదామనే అనుకుంటున్నా. ఈ ముసాయిదా పనిలో పడి తీరిక దొరకలేదు. మీరు చేరారా?"

నేనూ చేరలేదు. ఎండార్స్ చెయ్యడానికి పట్టేది ఒక్క క్లిక్కు. రాజ్యాంగం చదవడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది.

ముప్ఫై రెండో అధికరణం 4-2 ఓట్లతో గెలిచింది. దండయాత్రను ప్రకటించేది మంత్రివర్గమే, నలభై ఎనిమిది గంటల ముందస్తు నోటీసుతో. చప్పట్ల బొమ్మలు పడుతుండగా ఎందుకో రీజియన్ పేజీ మళ్ళీ తెరిచాను. జెండా మారిపోయింది. మా స్వాగత వచనాల స్థానంలో ఎవరో, బాతు బొమ్మ పక్కన, 'తలుపు తీసే ఉంది, వచ్చాం' అని రాశారు. కొత్త డెలిగేట్‌కి ఎండార్స్‌మెంట్లు పన్నెండు. మేం ముప్ఫై మూడో అధికరణంలోకి వెళ్ళేలోపు రక్షణమంత్రిని బయటికి గెంటేశారు. ఆయన మాత్రం డిస్కార్డ్‌లోనే ఉన్నాడు కనక, పాయింట్ ఆఫ్ ఆర్డర్ లేవదీశాడు. గెంటివేయబడిన సభ్యుడికి ఓటు హక్కు ఉంటుందా?

దానిమీద గంటన్నర మాట్లాడారు. నేను నిద్రపోయాను.

పొద్దున మావాడి మెసేజ్ ఉంది. ఏడో రాజ్యాంగం నెగ్గింది, అయితే రాత్రి జరిగినదాన్నిబట్టి అందులో లోపాలున్నాయని తేలింది, కనక ఎనిమిదోదానికి కమిటీ వేశారు. రైడర్లు విసుగొచ్చి ఎలాగూ రేపో మాపో వెళ్ళిపోతారు. ఇక ఈసారి భాష బాగుండాలి. "మీరు పత్రికలకు రాస్తారని చెప్పాను మామయ్యా. ప్రవేశిక మీకు అప్పగించాలని ఏకగ్రీవ తీర్మానం. ఉపమంత్రి హోదా ఇస్తారు."

ఉపమంత్రి అంటే బాగుండదు, మంత్రి అయితే చూస్తానన్నాను. పన్నెండో శాఖ పెడుతున్నారు.