చీటీ మాహాత్మ్యము

ప్రాణముతో నెగురునంతకాలము పక్షికి పేరుతోగాని ఊరుతోగాని నిమిత్తము లేదు. తుపాకిదెబ్బకు నేలగూలి, పొట్టలో దూది కూరబడి, కాలికి దారముతో ఒక చీటీ కట్టబడిన పిమ్మటనే దానికి స్థలము, తేదీ, సేకరించినవారి నామధేయము, క్రమసంఖ్య సిద్ధించి, శాస్త్రలోకమున పౌరసత్వము లభించును. చీటీ ఊడినచో మిగులునది ఈకలమూట. కావున ఇట్టి కాగితములను మానవులు కంటికి రెప్పవలె కాపాడుదురని తలంచుట సహజము.

అలన్ ఆక్టేవియన్ హ్యూమ్ దొరగారిని మనవారు కాంగ్రెసు వ్యవస్థాపకుడుగా నెరుగుదురు. ఆయనకు అంతకుముందొక జన్మ కలదు. భారతదేశపు పక్షులన్నిటిని గూర్చి ఒక మహాగ్రంథము రచింపవలెనని, సిమ్లాలోని తన భవనమున చర్మములను, గ్రుడ్లను, వానితోపాటు ఏ పక్షి ఏ ఋతువున ఎచట గూడుకట్టెనో తెలుపు వ్రాతలను ఏండ్లతరబడి ప్రోగుచేసిన ఆ మహానుభావుడు, ఒక శీతకాలమున ఊరు విడిచి వెళ్లియుండగా, నౌకరొకడు ఆ వ్రాతప్రతులను బజారునకు మోసికొనిపోయి చిత్తుకాగితముల క్రింద అమ్మివైచెను. ఆ నౌకరును నిందించుటకు నాకు నోరు రాదు. గ్రంథమును చదువకయే తూచి, అక్కడికక్కడే రొక్కము చేతబెట్టు సంస్థ లోకమున బజారొక్కటియే. ఆ కాగితములలో ఏయే పొట్లములు కట్టిరో చరిత్రకారులు విచారింపరైరి. మనసు విరిగిన హ్యూమ్ 1885లో సుమారు 82,000 నమూనాలను బ్రిటిష్ మ్యూజియమునకు ధారపోసెను; ఆ యేటి డిసెంబరులోనే బొంబాయిలో కాంగ్రెసు ప్రథమ సమావేశము జరిగెను. స్వాతంత్ర్యోద్యమ చరిత్ర వ్రాయువారు ఆ నౌకరునకొక పుట కేటాయించుట న్యాయము.

సత్యము పొట్లములపాలైన కథ అది. అసత్యము బీరువా కెక్కిన కథ యింకను రసవత్తరము.

హ్యూమ్ 1873లో శాస్త్రలోకమునకు పరిచయము చేసిన అడవి గుడ్లగూబ జాతి యొకటి 1884 తరువాత శాస్త్రజ్ఞుల కంటబడలేదు. ఐనను పక్షిసేకర్తయైన కర్నల్ రిచర్డ్ మైనర్ట్స్‌హాగన్ తాను దానిని 1914లో గుజరాతులోని మాండ్విలో పట్టితినని చీటీ కట్టెను. నమూనాలను కాజేయుచున్నాడను శంకతో బ్రిటిష్ మ్యూజియమువారు ఆయనను ఒకప్పుడు పక్షిశాల గడప త్రొక్కనీయలేదు. కాని 1954లో 20,000 చర్మములను కానుకగా దెచ్చినవానిని శంకించుట మర్యాద కాదు గదా! ఆయన గతించిన మూడు దశాబ్దములకు పక్షిశాస్త్రజ్ఞురాలు పమేలా రాస్ముసెన్ ప్రభృతులు పరీక్షింపగా, పూర్వము జేమ్స్ డేవిడ్‌సన్ సేకరించిన గుడ్లగూబనే ఆ కర్నలు అపహరించి, కుట్లు విప్పి, మరల కూరి, క్రొత్త చీటీ తగిలించెనని తేలెను. తస్కరించిన సొత్తును సొంతదారునకే దానమిచ్చి కీర్తి గడించుట సామాన్యులకు సాధ్యమా? ఆ చీటీని త్రోసిపుచ్చి, పాత నిజమైన చీటీలలోని ఊళ్లవెంట రాస్ముసెన్ బృందము 1997 నవంబరులో వెదకగా, మహారాష్ట్రలో ఆ పక్షి పట్టపగలు చెట్టుపై కూర్చుండి దర్శనమిచ్చెను.

మన కడప సీమ పక్షియైన కలివికోడి గతియు ఇంచుమించు నిట్టిదే. 1917లో సేకరించిన దాని గ్రుడ్డు స్కాట్లాండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియమున పడియుండగా, అది దానిదేయని డీఎన్‌ఏ పరీక్షతో ధ్రువపడినది 2013లో.

ఇట్టి రహస్యములు బయల్పడునది మ్యూజియముల ప్రారంభోత్సవములలో గాదు. చాలీచాలని జీతమునకు దుమ్ములో కూర్చుండి, మాసిన చీటీలోని అక్షరములను భూతద్దముతో చదివి జాబితాకెక్కించు గుమాస్తా బల్లమీద. రబ్బరు రాక్షసబల్లులకు నిధులు దొరకుచున్నవి. ఆ బల్లకు మాత్రము దొరకవు.

చదువరులారా, మీ ఊరి కళాశాలలో జంతుశాస్త్ర విభాగపు అలమర యొకటి యుండును. అందలి పాత నోటుపుస్తకములను కాగితములవానికి తూకము వేయకముందు, దయచేసి ఒక్కసారి విప్పి చదువుడు.