వెనకాల వచ్చేటోనికి

జగిత్యాల నుంచి కోరుట్ల పోయే దారిలో ఆటో వెనకాల పడితే చదువొచ్చినవాడికి పెద్ద చిక్కు. చదవకుండా ఉండలేడు. "ఏడ్వకురా, నీకూ మంచి రోజులొస్తయ్" అని ఎర్ర రేడియం అక్షరాలు. దాటిపోదామంటే ఎదురుగా లోడు లారీ. ఎవరినీ చూసి కుళ్లుకోకుండా నా మానాన నేను పోతుంటే, 63వ నంబరు జాతీయ రహదారి మీద మేడిపల్లి దాకా నాకీ ఓదార్పు! లారీల వెనక 'హారన్ ఓకే ప్లీజ్' రాతను చూసి జనం ఊరికే హారన్ కొడుతున్నారని 2015లో మహారాష్ట్ర సర్కారు దాన్ని వద్దంది. మా దగ్గర ఆ బెంగ లేదు. ఈ ఆటో వెనక హారన్ కొడితే నిజంగానే ఏడ్చినట్టుంటుంది.

అసలు ఆ మాట నాకు కాదు, ఎవరో పాలోనికి. పాలోళ్లతో మొహమ్మీద అనలేం. రేపు పెండ్లిలోనో దినాల్లోనో పక్కపక్కన కూర్చొని తినాలాయె. అందుకే కడుపులో మాట బండికెక్కుతుంది. ఆ పాలోడేమో ఈ బండి వెనక ఎన్నడూ రాడు. మాట పడేది దారిన పోయే దానయ్యలు.

కోరుట్లలో ఒక స్టిక్కరింగ్ షాపు ముందు చాయ్ తాగుతూ ఈ విద్య గుట్టు విన్నాను. మస్కట్ నుంచి వచ్చి ఆటో కొన్న పిల్లగాడు, "మా బావకు తగలాలె. పేరు పెట్టిద్దునా?" అన్నాడు. షాపాయన బ్లేడుతో అక్షరాల అంచులు లేపుతూ, పాత కార్డుముక్కతో గాలిబుడగలు నొక్కుతూ, తల ఎత్తకుండానే చెప్పాడు: "పేరు పెడితే పంచాయితీ అయితది. పెట్టకుంటే 'నన్నేనా?' అని వాడే వస్తడు. వచ్చినోడే నీ బావ."

అద్దం మీది రాతలైతే అచ్చం రేషన్ కార్డే. పైన కొండగట్టు అంజన్న, కింద అమ్మానాన్నల దీవెన, ఆ కింద చింటూ, బన్నీ. పైసలిచ్చిన ఫైనాన్సు వాడి పేరు మాత్రం ఆర్సీలో దాక్కుంటుంది. నంబరు ప్లేటు మీది సర్కారు రాత కూడా ఊరుకోదు. ఏపీ 15 పోయి 2014లో టీఎస్ వచ్చింది, 2016లో జిల్లాలు విడిపోయి జగిత్యాలకు 21, సిరిసిల్లకు 23 అయ్యాయి, 2024లో టీఎస్ కాస్తా టీజీ అయింది. 'ఏడ్వకురా' మాత్రం అన్ని సర్కార్లనూ తట్టుకుంది.

సిరిసిల్ల దిక్కున ఒక ఊళ్లో అన్నదమ్ములు విడిపోయారు. అన్న ట్రాక్టర్ డబ్బా మీద "మాట తప్పినోళ్లకు ఒక దండం" అని వెలిసింది. కొన్నాళ్లకు తమ్ముడి ఆటో మీద "వాటా మింగినోళ్లకు రెండు దండాలు." ఊరంతా తర్వాతి భాగం కోసం బస్టాండు దగ్గర కాపు కాసింది. రెండు బండ్ల మీదా పైన 'అమ్మ దీవెన' అనే ఉంది. ఆ అమ్మేమో మహాలక్ష్మి పథకం జీరో టికెట్ పట్టుకొని, ఆర్టీసీ బస్సులో నా పక్కనే నిలబడి వేములవాడ రాజన్న దగ్గరికి వస్తోంది.

"ఇద్దరు కొడుకులకూ బండ్లున్నయి గదా, బస్సుల ఈ తిప్పలెందుకమ్మా?" అన్నాను.

"ఒగని బండెక్కితే ఇంకొగడు ఏం రాయిస్తడో, బిడ్డా!"